మెంటర్‌లో గార్ఫీల్డ్ గారి ఇల్లు చూసొచ్చాం

ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో మా తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు అందరం కలిసి మెంటర్ వెళ్ళాం, అమెరికా 20వ ప్రెసిడెంట్ జేమ్స్ గార్ఫీల్డ్ ఇల్లు అక్కడే ఉంది. లింకన్ అందరికీ తెలుసు, ఈయన్ని మాత్రం ఎవరూ తలుచుకోరు, నాకు అదే బాధ.

1831లో ఇదే ఒహాయోలో చెక్క గుడిసెలో పుట్టాడు, రెండేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు, కెనాల్ పడవల దగ్గర కూలి పని చేశాడు, హైరమ్ అనే ఊళ్ళో స్కూల్ ఫీజు కట్టలేక అక్కడే ఊడ్చే పని చేసి చదువుకున్నాడు, 26 ఏళ్ళకి ఆ స్కూల్‌కే ప్రిన్సిపాల్ అయ్యాడు! అమెరికా పార్లమెంట్ అయిన కాంగ్రెస్‌లో ఉంటూ 1876లో పైథాగరస్ సిద్ధాంతానికి ట్రెపీజియంతో కొత్త నిరూపణ ఇచ్చాడు, లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళు తప్పకుండా చూడండి, చాలా అందంగా ఉంటుంది.

ఇంటి ముందు పొడుగాటి వరండా. 1880 ఎలక్షన్‌లో ఆయన ఊళ్ళు తిరగలేదు, జనమే రైళ్ళలో ఇక్కడికొచ్చేవాళ్ళు, జర్మన్ వాళ్ళొస్తే జర్మన్‌లోనే మాట్లాడాడట. అసలు ఆ క్యాండిడేట్ పదవి కూడా ఆయన అడిగింది కాదు, క్యాండిడేట్‌ని ఎన్నుకునే చికాగో పార్టీ సభకి వేరేవాళ్ళ తరఫున వెళ్తే 36వ రౌండ్ ఓటింగ్‌లో ఈయన్నే ఎన్నుకున్నారు.

పదవిలోకొచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు, 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో గిటో అనేవాడు కాల్చాడు. దాదాపు 80 రోజులు మంచం మీద నరకం చూశాడు పాపం, డాక్టర్లు గాయంలో వేళ్ళు పెట్టి బుల్లెట్ కోసం వెతికారు. మా మరదలు నర్సు, అది వినగానే "చేతులు కూడా కడుక్కోలేదా బావగారూ" అని అక్కడే ఆగిపోయింది. క్రిముల సంగతి అప్పటికే బ్రిటిష్ సర్జన్ లిస్టర్ ఫిలడెల్ఫియా వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు, వీళ్ళు వినలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ బుల్లెట్ వెతికే మెషిన్ ఒకటి తయారుచేసి తెస్తే కుడివైపే వెతకనిచ్చారు, బుల్లెట్ ఎడమవైపు ఉంది. సెప్టెంబర్ 19న పోయాడు. బుల్లెట్ కన్నా ఆ చేతులే ఎక్కువ పాపం చేశాయని నా అభిప్రాయం.

భార్య లుక్రీషియా తర్వాత ఇంటికి లైబ్రరీ కట్టించి, ఆయన కాగితాలన్నీ నిప్పంటుకోని గదిలో దాచింది. నాకు ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది ఆ లైబ్రరీనే, అక్కడే చాలాసేపు ఉండిపోయాం.

గిటో కోపమంతా తనకి గవర్నమెంట్ ఉద్యోగం ఇవ్వలేదని. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి కొన్ని ఉద్యోగాలకైనా సిఫార్సులు పోయి పరీక్షలు పెట్టారు, దాని వెనక ఈయన చావు ఉందని అమెరికాలో ఉండే మన పిల్లలకి కూడా చెప్పాలి.