ఆ రెండున్నర నిమిషాలు

బ్రాడీపేట నాలుగో లైనులోని మా ఆఫీసు గదిలో ఆదివారం ఉదయం పూట నలుగురైదుగురు జూనియర్లు కూర్చుని సాక్ష్య చట్టం చదువుకుంటారు. నేను ఒక కేసు ఎంచి ఇస్తాను. ఇద్దరు ప్రాసిక్యూషన్ తరఫున, ఇద్దరు ముద్దాయి తరఫున వాదిస్తారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా చేసి రిటైరైన మా సీనియర్ గారు ఓపిక ఉన్నప్పుడు వచ్చి జడ్జి కుర్చీలో కూర్చుంటారు. గత మూడు ఆదివారాలుగా మేము అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో జరిగిన ఒక కాల్పుల కేసును పట్టుకుని కూర్చున్నాం. ఆ విచారణ మొత్తం టీవీలో ప్రసారమైంది కనుక, ప్రతి సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌నూ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినే వీలు దొరికింది.

2012 ఫిబ్రవరి 26 రాత్రి ఏడు దాటిన వేళ, శాన్‌ఫర్డ్ అనే ఊళ్లో వాన పడుతోంది. పదిహేడేళ్ల నల్లజాతి కుర్రవాడు ట్రేవాన్ మార్టిన్ దుకాణంలో మిఠాయి ప్యాకెట్టు, పానీయం డబ్బా కొనుక్కుని తాను బస చేసిన ఇంటికి నడిచి వస్తున్నాడు. ఆ ఇళ్ల సముదాయంలో స్వచ్ఛందంగా కాపలా చూసే ఇరవై ఎనిమిదేళ్ల జార్జ్ జిమ్మర్‌మన్ అతడిని చూసి, అనుమానంగా ఉన్నాడంటూ పోలీసులకు ఫోన్ చేశాడు. మీరు అతని వెంట వెళ్తున్నారా అని అవతలి మనిషి అడిగితే అవునన్నాడు. అలా వెళ్లాల్సిన అవసరం లేదని చెబితే సరేనన్నాడు. ఆ కాల్ 7 గంటల 13 నిమిషాలు దాటాక ముగిసింది. 7:16కు పక్కింటివారు అత్యవసర నంబరు 911కు చేసిన కాల్‌లో ఎవరో ప్రాణభయంతో పెడుతున్న కేకలు, ముప్పావు నిమిషం గడిచాక తుపాకీ పేలిన చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం వినిపిస్తాయి. మార్టిన్ ఛాతీలో ఒకే ఒక్క తూటా, అతను చనిపోయాడు. ఆత్మరక్షణకే కాల్చానని జిమ్మర్‌మన్ అన్నాడు. నిందితుడిపై అభియోగం మోపడానికి ఏప్రిల్ 11 వరకు పట్టింది. 2013 జూలై 13న ఆరుగురు మహిళల జ్యూరీ అతడు నిర్దోషి అని చెప్పింది. ఆ కుర్రవాడు నల్లవాడు కాకపోయి ఉంటే ఆ ఫోన్ కాలే ఉండేదా అన్న ప్రశ్న అప్పట్లో అమెరికా అంతటినీ వీధుల్లోకి తెచ్చింది, అది అడగవలసిన ప్రశ్నేనని నేనూ నమ్ముతాను. అయితే మా గదిలో మాత్రం రికార్డులోకి ఎక్కినదాని మీదే వాదించాలని నియమం పెట్టుకున్నాం.

మొదటి ఆదివారం కేకల దగ్గరే గడిచిపోయింది. అవి తన కొడుకువేనని మార్టిన్ తల్లి ప్రమాణం చేసి చెప్పింది. తన కొడుకువేనని జిమ్మర్‌మన్ తల్లి అంతే గట్టిగా చెప్పింది. ఎఫ్‌బీఐకి చెందిన స్వర నిపుణుడు, ఇంత చిన్న ముక్కను పట్టుకుని గొంతు ఎవరిదో చెప్పడం శాస్త్రీయంగా సాధ్యం కాదని సాక్ష్యమిచ్చాడు. ఆ కాల్‌ను మేమూ ఒకసారి విన్నాం. మళ్లీ వినిపించమని గదిలో ఎవరూ అడగలేదు.

రెండో ఆదివారం తూటా దగ్గరికి వచ్చాం. పిస్టల్ మూతి స్వెట్‌షర్టుకు ఆనుకుని ఉందని ఆయుధ పరీక్ష చేసిన నిపుణురాలు చెప్పింది. కానీ చర్మం మీది తుపాకీమందు గుర్తులను బట్టి చూస్తే, పేలే క్షణానికి మూతికీ చర్మానికీ మధ్య రెండు నుంచి నాలుగు అంగుళాల ఎడం ఉందని డిఫెన్స్ తరఫు ఫోరెన్సిక్ వైద్యుడు విన్సెంట్ డి మాయో వివరించాడు. బట్టకు ఆని ఉన్న తుపాకీ ఒంటికి ఎడంగా ఎలా ఉంటుందో మా వాళ్లకు మాటల్లో అర్థం కాలేదు. అందుకని ఒక జూనియర్ తన టోపీ స్వెట్‌షర్టు తెచ్చుకుని, గుంటూరు ఎండలో చెమటలు కక్కుతూ తొడుక్కున్నాడు. మార్టిన్ దగ్గరున్న పానీయం డబ్బాకు బదులుగా ముందు జేబులో అర లీటరు నీళ్ల సీసా పెట్టాం. నిటారుగా నిలబడితే బట్ట ఛాతీకి ఆనుకునే ఉంది. చాప మీద వెల్లకిలా పడుకున్నా ఆనుకునే ఉంది. మరొకడిని చాప మీద పడుకోబెట్టి, ఇతన్ని అతని మీదికి వంగమన్నప్పుడు మాత్రం సీసా బరువుకు బట్ట కిందికి జారి వేలాడింది. స్కేలు పెట్టి చూస్తే ఛాతీకీ బట్టకూ మధ్య మూడంగుళాలకు కొంచెం తక్కువ. పైన వంగి ఉన్నది మార్టిన్, కింద పడి ఉన్నది జిమ్మర్‌మన్ అన్న కథనానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఆ రికార్డులో మరొకటి లేదని నాకు అనిపించింది. ముదురు రంగు బట్టల మనిషి పైన ఉన్నాడని చెప్పిన పక్కింటి సాక్షి కూడా దీనికే బలం చేకూర్చాడు, జిమ్మర్‌మన్ తలను కాంక్రీటుకు కొట్టడం మాత్రం తాను చూడలేదన్నాడు.

ఈ కేసును మొదటిసారి పత్రికల్లో చదివినప్పుడు శిక్ష ఖాయమని నేను అనుకున్నాను. ఆ చాప దగ్గర నా అభిప్రాయం సగం మారింది. సగమే అనడానికి కారణం ప్రాసిక్యూటర్ వేసిన ఒక క్రాస్ ప్రశ్న. పైన ఉన్న మనిషి వెనక్కి తగ్గుతూ, లేచిపోతూ ఉన్నా ఇదే ఎడం వస్తుంది కదా అని అడిగితే, రావచ్చునని డాక్టర్ ఒప్పుకున్నాడు. మీద పడుతున్న మనిషిని కాల్చడం వేరు, విడిచి లేస్తున్న మనిషిని కాల్చడం వేరు. మన సుప్రీంకోర్టు కూడా జైదేవ్ కేసులో, దాడి చేసినవారు పారిపోతున్నప్పుడు కాల్చిన తూటాకు ఆత్మరక్షణ హక్కు వర్తించదని తేల్చింది.

గాయాల విషయంలో రెండు పక్షాలూ ఒకే ఫొటోలను పట్టుకుని ఎదురెదురుగా వాదించాయి. జిమ్మర్‌మన్ ముక్కు నుంచి రక్తం, తల వెనుక రెండు చీలికలు. అవి చెప్పుకోదగ్గవి కావని ప్రాసిక్యూషన్ డాక్టర్ అన్నది. మార్టిన్ చేతుల మీద చిన్న రాపిడి తప్ప మరో దెబ్బ లేదు, గోళ్ల కింద జిమ్మర్‌మన్ డీఎన్ఏ దొరకలేదు. ఇక్కడ నాకు బాధ కలిగించిన విషయం వేరే ఉంది. అక్కడ ఆ రాత్రే పోలీసులు నిందితుడి ముఖాన్ని ఫొటో తీశారు. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక హత్య కేసులో, మా ముద్దాయి తలకు ఏడు కుట్లు పడినా చార్జిషీటులో ఆ ఊసే లేదు, డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం (వూండ్ సర్టిఫికెట్) జతపరచలేదు. పోలీసు కేసులయ్యే గాయాలను నమోదు చేసే ఆసుపత్రి ఎం.ఎల్.సి. రిజిస్టరును కోర్టుకు తెప్పించడానికి పద్నాలుగు నెలలు తిరిగాను. ముద్దాయి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పకపోతే అది వారి కథనాన్నే శంకించదగ్గదిగా చేస్తుందని 1976లో లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటే ఆ రోజు మాకు దిక్కయింది.

మూడో ఆదివారం సీనియర్ గారు ఒక ప్రశ్న వేశారు. "ఇదే కాగితాలు మన జిల్లా కోర్టుకు వచ్చాయనుకోండి. వీటిలో ఎన్ని లోపలికి వస్తాయి, ఎన్ని గుమ్మం దగ్గరే ఆగిపోతాయి?" జవాబు కోసం మేము ఫ్లోరిడా వదిలి పిఠాపురం వెళ్లవలసి వచ్చింది. 1937 మార్చిలో పిఠాపురం నుంచి బరంపురం బయలుదేరిన ఒక మనిషి, రెండు రోజుల తరువాత పూరీ స్టేషనులో రైలు పెట్టెలోని ట్రంకులో శవమై దొరికాడు. ఆ పాకాల నారాయణస్వామి కేసులో 1939లో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును తెలుగు న్యాయవాదులందరూ చదివే ఉంటారు. అందులోని రెండు సూత్రాలు శాన్‌ఫర్డ్ కేసుకు చెరో వైపు నుంచి తగులుతాయి.

మొదటిది, దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాటలపై ఉన్న నిషేధం ముద్దాయి చెప్పిన మాటలకూ వర్తిస్తుందన్నది. జిమ్మర్‌మన్ మర్నాడు పోలీసులను వెంటబెట్టుకుని, ఎక్కడ ఏం జరిగిందో నడిచి చూపించిన వీడియోను అక్కడ ప్రాసిక్యూషనే జ్యూరీకి చూపించింది. దానితో అతని కథనమంతా రికార్డులోకి వచ్చేసింది, అతను బోను ఎక్కనూ లేదు, ఒక్క క్రాస్ ప్రశ్నను ఎదుర్కొననూ లేదు. మన కోర్టులో ఆ వీడియో లోపలికి రాదు. అతను తన మాటను జడ్జి అడిగే ప్రశ్నలకు జవాబుగానో, సాక్షిగా బోనెక్కో స్వయంగా చెప్పుకోవలసి వచ్చేది.

రెండోది, చనిపోయిన మనిషి తన మరణానికి దారితీసిన పరిస్థితుల గురించి అన్న మాటలు, అప్పటికి చావు భయం లేకపోయినా సాక్ష్యంగా చెల్లుతాయన్నది. మార్టిన్ చివరి నిమిషాల్లో ఒక స్నేహితురాలితో ఫోన్‌లో ఉన్నాడు. ఎవరో వెంటపడుతున్నారని చెప్పాడు. నన్నెందుకు వెంబడిస్తున్నావని అతను అడగడం తనకు వినిపించిందని ఆమె కోర్టులో చెప్పింది. ఆమెను అక్కడి డిఫెన్స్ లాయరు గంటల తరబడి నిలదీశాడు. నా దృష్టిలో ఆమె సాక్ష్యానికి దక్కవలసిన విలువ దక్కలేదు. మన చట్టం కింద ఆ మాటలు మరణ వాంగ్మూలంతో సమానమైన చోటులో కూర్చుంటాయి.

రుజువు భారం దగ్గర కూడా దారులు వేరవుతాయి. ఫ్లోరిడాలో, ఆత్మరక్షణ కాదని సందేహానికి తావు లేకుండా ప్రాసిక్యూషనే నిరూపించాలి. మన సాక్ష్య చట్టంలో పాత 105, ఇప్పటి 108 సెక్షను ఆ భారాన్ని ముద్దాయి మీద పెడుతుంది, అయితే సంభావ్యత తనవైపు మొగ్గిందని చూపితే అతనికి చాలు. 2010లో దర్శన్ సింగ్ కేసులో, తుపాకీ కాల్చిన మనిషికి హైకోర్టు వేసిన శిక్షను రద్దు చేస్తూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినవాడు తన దెబ్బను తక్కెడలో తూచుకుని కొట్టలేడన్న విషయాన్నీ గుర్తు చేసింది. దీనితోపాటు, ప్రభుత్వాధికారుల రక్షణ పొందే వ్యవధి ఉంటే ఆత్మరక్షణ హక్కే లేదన్న నియమం మన శిక్షాస్మృతిలో ఉంది. పోలీసులు బయలుదేరారని తెలిసిన మనిషికి అది అడ్డు రాదా అని ఒక జూనియర్ అడిగాడు. కింద పడి దెబ్బలు తింటున్నవాడికి ఆ క్షణాన వ్యవధి లేదని మరొకడన్నాడు. వ్యవధిని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నదే అసలు పేచీ.

నా తీర్పును నేను కాగితం మీద రాసి ఇచ్చాను. తూటా పేలిన క్షణాన తీవ్రంగా గాయపడతానన్న భయం జిమ్మర్‌మన్‌కు ఉండి ఉండవచ్చు, కానీ ఆ గాయాల స్థాయిని బట్టి అతను హక్కును మించిపోయాడు. కనుక అది హత్య కాదు, హత్యగా పరిగణించని నరహత్య. అక్కడి ఆత్మరక్షణ చట్టంలో ఈ మధ్యేమార్గం లేదు, ఇక్కడ ఉంది. అక్కడి జ్యూరీ కారణాలు రాయనక్కర్లేదు, ఇక్కడి జడ్జి రాసి తీరాలి.

ప్రాసిక్యూషన్ తరఫున వాదించిన మా జూనియర్ అమ్మాయి దానికి ఒప్పుకోలేదు. "సార్, గొడవ మొదలుపెట్టింది అతనే అయితే అతనికి ఆ హక్కే లేదు. లేని హక్కును మించిపోయాడని ఎలా రాస్తారు?" అంది. మొదలుపెట్టింది అతనేనని రికార్డులో ఎక్కడుందమ్మా అన్నాను. ఆమె లేచి వైట్ బోర్డు దగ్గరికి వెళ్లింది. మూడు వారాలుగా మేము నిమిషాల వారీగా రాసుకున్న పట్టిక దాని మీద ఉంది. 7:13కు పోలీసులతో కాల్ ముగిసింది, 7:16కు కేకలు మొదలయ్యాయి. మధ్య గడిలో ఆ స్నేహితురాలు విన్న రెండు మూడు ముక్కలు తప్ప ఏమీ లేదు. "కారు దగ్గరికి తిరిగి వెళ్తున్నానని అతనన్నాడు. కారు దగ్గరికి వెళ్లడానికి రెండున్నర నిమిషాలెందుకు పట్టిందో అతన్ని ఎవరూ బోనెక్కించి అడగలేదు. ఆ ఖాళీని కుర్రవాడి ఖాతాలో వేసి మీరు తీర్పు రాశారు" అంది.

సీనియర్ గారు చాలాసేపు బోర్డు వైపు చూసి, నా కాగితాన్ని నాకే తిరిగి ఇచ్చి, వచ్చే వారానికి మళ్లీ రాసుకురమ్మన్నారు.