వంకరపోయిన ఓడ వెన్ను సరిచేసిన విధం: నా అనుభవం

నేను కడుతున్నది చెక్క ఓడ మోడల్: బౌంటీ అనే పాత తెరచాప ఓడకు 1:64 స్కేల్ (అసలులో 64వ వంతు) కిట్. అసలు ఓడ పొడవు దాదాపు 27.7 మీటర్లు కాబట్టి మోడల్ హల్ (ఓడ ఒళ్లు) 43 సెంటీమీటర్లు వస్తుంది. 5 మిల్లీ ప్లైవుడ్ ఫాల్స్ కీల్ (ఓడ పొడవునా వెన్నెముకలా ఉండే పలక), దానికి 11 బల్క్‌హెడ్‌లు (పక్కటెముకల్లాంటి అడ్డపలకలు), పైన 1.5 మిల్లీ లైమ్‌వుడ్ పట్టీలు. ఎడమవైపు ఆరు పట్టీలు, కుడివైపు రెండు అతికించాక పైనుంచి చూస్తే కీల్ వంగి కనిపించింది.

కంటి అంచనా సరిపోదు, కొలవాలి. ముక్కు దగ్గర ఒక గుండుసూది, వెనక చివర ఒక గుండుసూది గుచ్చి వాటి మధ్య సన్నటి కుట్టుదారం బిగించాను. ఆరో బల్క్‌హెడ్ దగ్గర కీల్ మధ్యగీత దారానికి కుడివైపుగా 3 మిల్లీ జరిగి ఉంది. అసలు ఓడలో అయితే అది 19 సెంటీమీటర్లు. డెక్ వేశాక మాస్టులు (తెరచాప స్తంభాలు), తలుపులు, ఫిరంగులు అన్నీ ఆ వంకరనే అనుసరిస్తాయి. అందుకే ఇక్కడే ఆగి సరిచేయడం తప్పనిసరి. మెలి కూడా ఉందేమోనని మొదటి, చివరి బల్క్‌హెడ్‌ల మీద ఒక్కో స్కేలు అడ్డంగా పెట్టి ఒకదాని మీదుగా రెండోదాన్ని చూశాను. రెండు అంచులూ సమంగానే ఉన్నాయి. అంటే ఇది ఉత్త వంపే.

మొదట చేసిన ప్రయత్నం ఫలించలేదు. కీల్‌కు కెటిల్ ఆవిరి పట్టి, పాలిష్ గ్రానైట్ ముక్క మీద నిలబెట్టి, రెండు పక్కలా అల్యూమినియం ఎల్ యాంగిల్ ఆనించి రాత్రంతా క్లాంపులు బిగించి ఉంచాను. పొద్దున విప్పితే వంపు 2.5 మిల్లీకి తిరిగి వచ్చేసింది. కారణం తర్వాత తెలిసింది: బలం కీల్‌లో లేదు, పట్టీల్లో ఉంది. ఎండుగా వంచి అతికించిన పట్టీ స్ప్రింగులాంటిది, నిటారు కావాలని చూస్తూనే ఉంటుంది. అలా చూస్తూ ఓడ నడుమును అవతలి పక్కకు నెడుతుంది. ఎడమవైపు ఆరు, కుడివైపు రెండు ఉంటే మిగిలిన నాలుగు పట్టీల బలమంతా ఒకే పక్కకు పనిచేస్తుంది. అందుకే పట్టీలు ఎక్కువున్న వైపే కీల్ గుంటపడింది.

కాబట్టి ఆ నాలుగూ ఊడదీయాల్సిందే. అతికించింది తెల్ల జిగురు, అంటే పీవీఏ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను బ్రష్‌తో అతుకుల మీద పెట్టి పది పదిహేను నిమిషాలు ఆగితే జిగురు రబ్బరులా మెత్తబడుతుంది. అప్పుడు సన్నటి బ్లేడు దూర్చి ముక్కు వైపు నుంచి మెల్లగా లేపాలి. నీళ్లు వాడినా జిగురు వదులుతుంది గానీ ప్లై ఉబ్బి కొత్త వంపు తెచ్చుకుంటుంది. పట్టీలు తీశాక కొలిస్తే 1 మిల్లీ మాత్రమే మిగిలింది. ఇది ప్లై సొంత వంపు.

ఈ 1 మిల్లీ తీయడానికి మంచి దారి బల్క్‌హెడ్‌ల మధ్య దిమ్మెలు. గుంటపడిన వైపు ఖానాల్లో (రెండు బల్క్‌హెడ్‌ల మధ్య ఖాళీల్లో) బిగుతు దిమ్మె కొడితే అది బల్క్‌హెడ్‌లను ఎడం చేస్తుంది, ఆ పక్క పొడవు పెరిగి కీల్ నిటారవుతుంది. ఎంత బిగుతు అన్నదే అసలు సంగతి. మధ్య ఖానాలో అర మిల్లీ ఎక్కువ కోసిన దిమ్మెను కీల్‌కు 30 మిల్లీ ఎడంగా దించితే, ఆ ఒక్కదానికే దారం దగ్గర నడుము దాదాపు 2 మిల్లీ జరిగి అవతలి వైపుకు పోయింది. లెక్క వేస్తే, పది ఖానాలకూ పంచినప్పుడు 1 మిల్లీ వంపుకు ఒక్కో ఖానాలో కావాల్సింది సుమారు 0.06 మిల్లీ. మామూలు కాగితం మందం కన్నా తక్కువ! అందుకని దిమ్మెలన్నీ ఖానా కొలతకే కోసి, ఎడమవైపు ఐదింటికి మాత్రం చివరన ఒక్కో కాగితం ముక్క అతికించి దించాను. కుడివైపు దిమ్మెలు చేత్తో తోస్తే జారేంత వదులుగా ఉండాలి, లేకపోతే ఎడమవైపు బలాన్ని ఎదిరిస్తాయి.

దిమ్మెలకు బాల్సా పనికిరాదు, నలిగిపోయి బలం మింగేస్తుంది. టేకులో నూనె ఎక్కువ, జిగురు సరిగా పట్టదు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చాలు, కాకపోతే మూలమట్టంతో చూసి అంచులు సరిగ్గా లంబంగా కోయాలి. ముందు జిగురు లేకుండా అన్నీ దించి, దారం గీత మీదకు వచ్చాకే ఒక్కొక్కటి తీసి జిగురు పెట్టి మళ్లీ దించాను. విశాఖలో వానాకాలం కాబట్టి ఒక రోజు బదులు మూడు రోజులు ఆరనిచ్చాను. తేమ గాలిలో పీవీఏ పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది.

తర్వాత పట్టీలు జతలుగా వేశాను: ఎడమ ఒకటి, వెంటనే కుడి ఒకటి. ప్రతి పట్టీనీ వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, జిగురు లేకుండా హల్ మీదే వంచి పిన్నులతో పట్టించి, పూర్తిగా ఆరాక తీసి అప్పుడు అతికించాలి. తడిగా అతికిస్తే ఆరేటప్పుడు వెడల్పు తగ్గి సందులు పడతాయి. ఆకారం ముందే పట్టిన పట్టీకి స్ప్రింగు బలం చాలావరకు పోతుంది, పిన్ను తీసినా అక్కడే ఉంటుంది. రెండు జతలకొకసారి దారం కట్టి చూశాను. ఎనిమిదో జత తర్వాత కూడా తేడా 0.2 మిల్లీ దాటలేదు.