బెజవాడలో ఒక ఇల్లు వెతుక్కుంటూ

చలం అరుణాచలం వెళ్ళకముందు బెజవాడలో ఉన్న ఇల్లు ఎక్కడో కనుక్కోవాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక. మొన్న జనవరిలో తెనాలి నుంచి పొద్దున్నే ప్యాసింజరెక్కాను. చేతిలో ఫ్రెంచి రచయిత రూసో జీవితం మీద ఒక పుస్తకం.

రూసో 1761లో ఉత్తరాల రూపంలో ఒక ప్రేమ నవల వేశాడు. చదివినవాళ్ళలో చాలామంది దాన్ని కథ అనుకోలేదు. అందులోని నాయిక జూలీ నిజంగా ఉండేదా, అది మీ సొంత ప్రేమేనా అని ఆయనకే ఉత్తరాలు రాశారు. 1770లో ప్యారిస్ తిరిగొచ్చాక ఆయన సంగీత స్వరాలకు నకళ్ళు రాసిచ్చి, పేజీకింత అని తీసుకుని బతికాడు. ఆయన్ని కళ్ళారా చూడాలనుకునేవాళ్ళు నకలు రాయించుకునే కాగితాలు నెపంగా పట్టుకుని ఇంటికి వచ్చేవాళ్ళట. అక్కడ పుస్తకం మూసేశాను. పూట గడవడానికి చేసుకునే పనిలో కూడా ఆ మనిషిని వదల్లేదే అని బాధేసింది.

రైలు కృష్ణ మీదకి వచ్చింది. నీళ్ళ మీద ఇంకా మంచు ఉంది.

మన కవులకి పేరంటే అవధానాలు, సన్మానాలు, ఏనుగు మీద ఊరేగింపులు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు జాషువా కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగింది ఈ ఊళ్ళోనే. (అంతకుముందు కులం పేరుతో జాషువాకి సభల్లో జరిగిన అవమానాలు మర్చిపోలేను.) అంత సన్మానం చేసినా, సభ ముగిశాక కవి ఇల్లు కవిదే. చలాన్ని మాత్రం ఇంట్లో కూడా వదల్లేదు. ఆడదాని కోరిక గురించీ, పెళ్ళి గురించీ అంత సూటిగా రాసినవాడు తన ఇంట్లో ఎలా ఉంటున్నాడోనని లోకం తొంగిచూసింది, వెలి వేసింది. 1950లో ఆయన కుటుంబంతో సహా తిరువణ్ణామలై వెళ్ళిపోయారు. రమణ మహర్షి మీద నమ్మకంతోనే వెళ్ళారు, నిజమే. కానీ బెజవాడ ఆయన్ని ఉండనిచ్చిందా అని నాకు ఇప్పటికీ కోపం.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వరసలో ఒక పెద్దాయన్ని అడిగాను.

"బాబాయ్ గారూ, చలం గారి ఇల్లు ఎటువైపో తెలుసా?"

"ఇల్లు చూసి ఏం చేస్తావమ్మా?"

మామూలుగానే అడిగాడాయన. నాకు జవాబు దొరకలేదు. రూసో ఇంటికి కాగితాలు పట్టుకెళ్ళినవాళ్ళు గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

ఆయనే కట్టల్లోంచి చలం పుస్తకం ఒకటి లాగి ఇచ్చాడు. దానికి ఎవరో ఖాకీ అట్ట వేసి, పైన గుండ్రటి అక్షరాలతో "హిందీ వాచకం" అని రాసుకున్నారు. ఇంట్లోవాళ్ళ కళ్ళబడకుండా ఎన్ని రాత్రులు చదివారో. లోపల పేరుందేమోనని అట్ట మడత మీద వేలు పెట్టాను, తీసేశాను.

అరవై రూపాయలిచ్చి పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. సాయంత్రం బండికి ఇంకా చాలా టైముంది. ఇల్లెక్కడని మళ్ళీ ఎవరినీ అడగకుండా స్టేషన్‌కి నడిచాను.