ఇంజిన్ కన్నా ముందు ఆ ఎడమ చివరి బేరింగ్ చూడండి

మినియాపోలిస్‌లో ఉండే స్నేహితుడొకడు సెకండ్ హ్యాండ్ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఫోటోలు పంపాడు. "అన్నా, ఇంజిన్ సూపర్‌గా ఉందట, తీసేసుకోనా?" అన్నాడు. పంపినవన్నీ ఇంజిన్ ఫోటోలే. ఫోన్‌లో వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

నేనుండే డులూత్ వైపు పాత స్లెడ్‌లకు (స్నోమొబైల్‌ని ఇక్కడ అలాగే అంటారు) కొదవ లేదు. ఈ బండ్లు తయారుచేసే పొలారిస్ కంపెనీ పుట్టిన రోజో (Roseau) అనే ఊరు, ఆర్కటిక్ క్యాట్ కంపెనీ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్, రెండూ మా మిన్నెసోటావే. ముప్ఫై ఏళ్ల బండ్లు కూడా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అమ్మేవాళ్లు తాడు లాగి స్టార్ట్ చేసి చూపిస్తారు, కంప్రెషన్ అంకె చెప్తారు. అవీ చూడాల్సిందే. కానీ ఇంజిన్‌కీ మంచుకీ మధ్య ఉన్నవి అరిగిపోతే బండి కదలదు. మంచు బండ్ల చరిత్రలో పెద్ద పేరున్న జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1937లో పేటెంట్ పొందింది కూడా ఇంజిన్‌కి కాదు, ట్రాక్‌ని, అంటే బండి కింద తిరిగే పట్టాని, తిప్పే పళ్లచక్రం అమరికకు.

మన ఊళ్లలో కైనెటిక్ హోండా విప్పి చూసినవాళ్లకు ఈ బండి సగం అర్థమైనట్టే. ముందు ఒక క్లచ్, వెనక ఒక క్లచ్, మధ్యలో వి ఆకారపు బెల్ట్. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ముందు క్లచ్‌లోని వెయిట్లు విచ్చుకుని, బెల్ట్‌కి అటూ ఇటూ ఉన్న పళ్లేలను దగ్గరికి నెడతాయి, బెల్ట్ పైకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి స్నోమొబైల్ దారి వేరు. వెనక క్లచ్ నుంచి జాక్‌షాఫ్ట్ అనే అడ్డ ఇరుసు, కుడివైపు చెయిన్‌కేస్‌లో గొలుసు, కింద డ్రైవ్‌షాఫ్ట్, దాని మీద ట్రాక్‌ని లాగే పళ్లచక్రాలు.

నేను కొన్నది 1990ల నాటి 500 సీసీ లిక్విడ్ కూల్డ్ బండి. వెనక భాగం స్టాండ్ మీదికి ఎత్తి ట్రాక్‌ని చేత్తో తిప్పితే ఎడమవైపు నుంచి ఇసుక నలిగినట్టు శబ్దం. డ్రైవ్‌షాఫ్ట్ చివర పట్టుకుని పైకి కిందికి ఊపితే కాస్త కదిలింది. అది కదలకూడదు.

ఆ ఎడమ చివరి బేరింగ్‌కి ఎవరూ కావాలని అన్యాయం చేయరు గానీ, అది ఉన్న చోటే చెడ్డది. కుడివైపు బేరింగ్‌కి చెయిన్‌కేస్ నూనె అందుతుంది. ఎడమవైపుదానికి ఉన్నదల్లా లోపలి గ్రీజు, ఒక రబ్బరు సీలు. టన్నెల్‌లో, అంటే ట్రాక్ మీద కప్పులా ఉండే భాగంలో, మంచు కరిగి నీళ్లు దాని మీదే కారుతాయి, ఆ తర్వాత వేసవంతా బండి షెడ్డులో కదలకుండా పడి ఉంటుంది. తుప్పు పట్టక ఏమవుతుంది? కవర్ విప్పగానే గోధుమ రంగు నీళ్లు కారాయి. బాల్స్‌ని పట్టి ఉంచే కేజ్ ముక్కలైపోయి ఉంది. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోట గోరుతో గీసి చూశాను. మెరుస్తోంది గానీ గోరు ఎక్కడా తట్టుకోలేదు. గాడి పడి ఉంటే షాఫ్టే మార్చాల్సి వచ్చేది.

దీన్ని వదిలేస్తే జరిగేది చిన్న నష్టం కాదు. బేరింగ్ పూర్తిగా పోతే షాఫ్ట్ పక్కకు జారుతుంది, ట్రాక్ వెళ్లి టన్నెల్‌లోని కూలర్‌ని కోస్తుంది, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ మొత్తం పోతుంది. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా అడవిలో 146 మైళ్లు సాగే నార్త్ షోర్ ట్రైల్ మీద, మైనస్ 25 డిగ్రీల సెల్సియస్‌లో అలా ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ చిన్న ముక్క గురించి ఇంతగా చెప్తున్నాను.

కొత్త బేరింగ్ కోసం డీలర్ దగ్గరికే వెళ్లనక్కర్లేదు. పాతదాని సీలు మీద నంబర్ ఉంటుంది, బేరింగ్ షాపులో చూపిస్తే ఇస్తారు. నా బండిలో బేరింగ్‌ని షాఫ్ట్‌కి బిగించేది ఒక లాకింగ్ కాలర్. దాన్ని షాఫ్ట్ తిరిగే దిక్కులోనే తిప్పి బిగించి, ఆ తర్వాత సెట్ స్క్రూ వేయాలి. ఎదురు దిక్కులో బిగిస్తే నడుస్తూ నడుస్తూ వదులైపోతుంది.

షాఫ్ట్ ఎలాగూ బయటికి వచ్చింది కాబట్టి పళ్లచక్రాలు కూడా చూశాను. ప్లాస్టిక్ పళ్లు ఒక పక్కకే అరిగి ఉన్నాయి, మార్చేశాను. చెయిన్‌కేస్ డిప్‌స్టిక్ చివర అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకుంటే మామూలే, సన్నని ఇనప పీచులు కనిపిస్తే పళ్లు గానీ గొలుసు గానీ తినేస్తోందన్నమాట. నూనె పాలలా ఉంటే నీళ్లు చేరినట్టు. గొలుసు టెన్షన్‌కి అడ్జస్టర్ బోల్ట్‌ని వేళ్లతో అందినంత బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి లాక్ నట్ వేశాను. మీ బండి మాన్యువల్‌లో ఎలా ఉంటే అలా చేయండి.

ముందు క్లచ్ తీయడం కొంచెం మొండి పని. క్రాంక్‌షాఫ్ట్ మొన మీద అది బిగుసుకుపోయి ఉంటుంది. సుత్తితో కొట్టొద్దు. క్లచ్ రంధ్రంలో నీళ్లు నింపి, పుల్లర్ బోల్ట్ మరలకు టెఫ్లాన్ టేప్ చుట్టి బిగిస్తే నీటి ఒత్తిడికే టప్పుమని ఊడొస్తుంది. లోపల రోలర్లు బల్లపరుపుగా అరిగి ఉన్నాయి. బెల్ట్ వెడల్పు కూడా మాన్యువల్ చెప్పిన హద్దు దాటిపోయింది, అంచులు గాజులా మెరుస్తున్నాయి. కొత్త బెల్ట్ వేసి, క్లచ్‌లు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో సరిచూడకపోతే అది కూడా త్వరగానే కాలిపోతుంది.

ట్రాక్ బిగించాక స్టాండ్ మీద నెమ్మదిగా తిప్పి, రెండువైపులా సమానంగా నడుస్తోందా చూడాలి. ఆ సమయంలో బండి వెనక ఎవరినీ, ముఖ్యంగా పిల్లల్ని, నిలబడనివ్వొద్దు. ట్రాక్ నుంచి ఏది ఊడినా తూటాలా వస్తుంది.

ఇక మిగిలింది వెనక క్లచ్‌లోని బటన్లు, అంటే రాపిడికి అరిగే చిన్న ముక్కలు. కాస్త అరిగాయి గానీ ఈ సీజన్‌కి ఫర్వాలేదు. కొత్తవి ఆర్డర్ చేశాను, పాత బెల్ట్‌ని అదనంగా హుడ్ కింద కట్టుకున్నాను. మొదటి యాభై మైళ్లు తిరిగాక గొలుసు, ట్రాక్ మళ్లీ చూడాలి.