ఎండుకొమ్మ తెల్లబడే దాకా

కుండీలో పొట్టిగా పెంచుతున్న నా జునిపర్ బోన్సాయ్ చెట్టులో పైకొమ్మ ఒకటి ఎండిపోయింది. కొట్టేయడానికి మనసొప్పక జిన్ చేద్దామనుకున్నాను. ఎండిన కొమ్మను బెరడు ఒలిచి చెట్టుమీదే ఉంచితే జపాన్ వాళ్లు జిన్ అంటారు; మాను మీద బెరడు లేని చార అయితే షారి. నా చెట్టుకి మాను మొదట్లో, మట్టి దగ్గర, షారి కూడా ఉంది.

బెరడు సులువుగానే ఊడింది. కొమ్మ చివర మాత్రం కత్తెర పడిన చోట మొద్దుగా ఉంది. కటింగ్ ప్లయర్‌తో చివరను నలిపి, పీచు పట్టుకుని మెల్లగా కిందికి లాగాను. కలప లోపల ఎటు మెలి తిరిగిందో చీలిక కూడా అటే తిరిగింది. ఉలితో ఎంత చెక్కినా నాకు ఆ వంపు వచ్చేది కాదు. లేచిన నూగును చిన్న గ్యాస్ టార్చ్‌తో పైపైన కాల్చి, మసిని టూత్‌బ్రష్‌తో రుద్దేశాను. అంతసేపూ బతికున్న బెరడుకి తడిగుడ్డ చుట్టి ఉంచాను.

తర్వాత లైమ్ సల్ఫర్, అంటే కలపను తెల్లబరిచి కుళ్లకుండా కాపాడే సున్నం, గంధకం ద్రావణం. పచ్చికొమ్మను ఒలిచి ఉంటే ముందు కొన్ని నెలలు ఆరనివ్వాలి, నాది ఎప్పుడో ఎండిందే. కుళ్లిన కోడిగుడ్ల వాసన, అందుకే ఆరుబయట, చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. మట్టి మీద ప్లాస్టిక్ కవర్ పరిచాను, చెట్టు వేళ్లకి ఆ మందు మంచిది కాదు. మొదటిసారి పొడి కలప మీదే పూశాను. పసుపుగా ఉన్నది ఎండకి తెల్లబడింది గానీ, గోడకి సున్నం కొట్టినట్టు పైనే పెచ్చు కట్టింది. గీకేసి, కలపను నీళ్లతో తడిపి, మందులో ఒక్క చుక్క నల్ల ఇంకు కలిపి మళ్లీ పూశాను. ఈసారి లోపలికి ఇంకింది. ఏళ్లు ఎండా వానా తిన్న కలపకుండే బూడిద తెలుపు వచ్చింది.

అసలు భయం షారి దగ్గరే. జునిపర్ కలపకి చేవ ఎక్కువే, అయినా ఎప్పుడూ తడిగా ఉండే మట్టి అంచున ఏ కలపా నిలవదు. అక్కడ గోరుతో నొక్కితే మెత్తగా దిగింది. గుండె జారిపోయింది. చుట్టూ మట్టి కొంచెం తీసి, మెత్తబడ్డదంతా గీకి, బాగా ఆరాక, మెత్తబడ్డ కలపను గట్టిపరిచే వుడ్ హార్డెనర్ ద్రవాన్ని సన్నటి కుంచెతో, పీల్చుకున్నంత పట్టించాను. తడి మీద వేస్తే లోపలికి దిగదు. మట్టిని మళ్లీ అంత ఎత్తుకి పోయలేదు.

ఇప్పుడు ఏడాదికోసారి, వానల్లేని రోజులు చూసి, పాచి రుద్ది కడిగి లైమ్ సల్ఫర్ ఒక పూత వేస్తున్నాను. నిన్న మాను మొదట్లో మళ్లీ గోరుతో నొక్కి చూశాను. దిగలేదు.