పర్లాకిమిడి నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి తెచ్చుకున్నాను - నా అనుభవం

పాపకి అయిదో నెల నడుస్తోంది, అప్పుడు ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చింది సెలవు అయిపోతోంది, ఫలానా తేదీకి వచ్చెయ్యాలని. పురుడు మా అమ్మవాళ్ళింట్లోనే, పర్లాకిమిడిలో. ఉద్యోగమేమో హైదరాబాద్‌లో, ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ చూడడం, పనంతా సిస్టమ్ మీదే. మా ఆయనకి సైట్ల మీద డ్యూటీ, నెలకో ఊరు. పసిదాన్ని పట్టుకుని అక్కడ ఒక్కదాన్నే ఎలా అని రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

ముందు చట్టం చదివాను. 2017లో ప్రసూతి చట్టం సవరించి సెలవు 26 వారాలు చేశారు కదా (మొదటి ఇద్దరు పిల్లలకి), అందులోనే ఇంకోటి ఉంది, సెలవయ్యాక ఇంటి నుంచి చెయ్యగలిగే పనైతే ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద చెయ్యనివ్వొచ్చు అని. ఇవ్వొచ్చు అనే ఉంది, ఇవ్వాలి అని లేదు. కాబట్టి మాట్లాడి ఒప్పించుకోవాల్సిందే.

మేనేజర్ సార్ "చూద్దాంలేమ్మా" అన్నారు. హెచ్ఆర్ మేడమ్ మీది ఆంధ్రాయే కదా అన్నారు. కాదండీ ఒడిశా, గజపతి జిల్లా, పాతపట్నం దాటితే మా ఊరే, 1936లో ఒడిశా వేరుపడినప్పుడు అటు కలిపారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే అని చెప్పాను. అక్కడే వచ్చింది చిక్కు. ప్రొఫెషనల్ టాక్స్ (జీతంలోంచి కోసి రాష్ట్రానికి కట్టే వృత్తి పన్ను) ఏ రాష్ట్రానికి కట్టాలి, ఒడిశాలో మన కంపెనీకి రిజిస్ట్రేషన్ లేదు అన్నారు. ఏడాదికి 2,500 దాటని పన్ను, దానికి మూడు వారాలు ఫైలు కదల్లేదు, నిజంగా ఏడ్చాను.

తర్వాత సార్ టీమ్ మొత్తాన్ని కాల్‌లో కూర్చోబెట్టారు. మాలో అందరికంటే చిన్నమ్మాయి ఉంది, తను అంది, "అక్కా, నీకు కరెంట్ పోతే నీ క్లెయిమ్స్ మా క్యూలో పడతాయి, పోయినసారి ఇంకొకళ్ళు ఇలాగే చేస్తే రాత్రి పదింటిదాకా నేనే కూర్చున్నాను" అని. కోపం వచ్చింది. కానీ రాత్రి పాపని పడుకోబెడుతూ ఆలోచిస్తే ఆ పిల్ల అడిగిందే అసలు ప్రశ్న, పాప గురించి నేనెంత చెప్పుకున్నా దానికది జవాబు కాదు. మర్నాడు ఒక పేజీ రాసి పంపాను. ఆగిపోయిన క్లెయిమ్స్ ఆ రాత్రే నేనే పూర్తి చేస్తాను, మిగిలినవి ఎన్నో పొద్దున్నే గ్రూప్‌లో పెడతాను, పాపకి పాలిచ్చే టైము రోజుకి రెండుసార్లు అరగంట, అప్పుడు కాల్ ఎత్తను. చివరిది రాయొద్దంది అమ్మ, నేను రాశాను.

క్లయింట్ డేటా కాబట్టి తలుపున్న గది, ఫోటో కావాలన్నారు. మేడ మీద గదిలో ధాన్యం బస్తాలుండేవి, నాన్న, ఎదురింటి ఒడియా అబ్బాయి కలిసి దించారు, స్క్రీన్ మీద ఎండ పడకుండా అమ్మ కిటికీకి పాత నేత చీర కట్టింది, బల్ల పక్కన ఇన్వర్టర్. నెట్ కూడా రెండు, ఫైబర్ ఒకటి, ఫోన్ సిమ్ ఒకటి. అయినా లొకేషన్ ఓ రోజు విశాఖ, ఓ రోజు భువనేశ్వర్ చూపించి ఐటీ వాళ్ళకి అలర్ట్ వెళ్ళింది, అదీ రాతపూర్వకంగా చెప్పుకోవాల్సొచ్చింది.

మూడు నెలలు ట్రయల్ ఇచ్చారు. రెండో వారంలోనే గాలివాన. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్ళం, గాలి హోరు మొదలైతే చాలు ఇప్పటికీ గుండె దడ. సాయంత్రానికి ఫైబర్ తెగింది, ఫోన్ నెట్ నత్తలా ఉంది, 19 క్లెయిమ్స్ మిగిలాయి. ఆ అమ్మాయికి ఫోన్ చేసి నువ్వు ముట్టుకోకు, నేను చేస్తాను అని చెప్పాను. పాప ఏడిస్తే అమ్మ మేడ మీదికి తెచ్చి ఇచ్చేది, మళ్ళీ తీసుకెళ్ళి చీర ఉయ్యాల్లో వేసేది. ఒంటిగంటకి అయ్యాయి. పొద్దున్నే గ్రూప్‌లో "మిగిలినవి సున్నా" అని పెడితే ఆ అమ్మాయే ముందు రాసింది, "సరే అక్కా, కాసేపు పడుకో" అని.

ట్రయల్ అయ్యాక ఇంకో ఆరు నెలలు పొడిగించారు, అకౌంట్స్ వాళ్ళు ఒడిశా రిజిస్ట్రేషన్ కూడా చేయించారు. లెటర్‌లో పాలిచ్చే టైము లైను నేను రాసింది రాసినట్టే ఉంచారు సార్.