సారీ చెప్పాల్సింది ఇక్కడ కదా?

"ఒక్క మాటతో ఆపేయగలిగినప్పుడు ముందే ఎందుకు ఆపలేదు?" అని మా తొమ్మిదేళ్ల వాడు కోపంగా అడిగాడు. జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజకీ తీసిన 'హౌల్స్ మూవింగ్ కాజిల్' సినిమా అప్పుడే అయిపోయింది. సినిమా పొడుగునా ఊళ్లమీద బాంబులు పడతాయి. చివర్లో రాజుగారి మాంత్రికురాలు ఈ పిచ్చి యుద్ధం ఇక చాలనేస్తుంది. వాడు ఆ సినిమా మళ్లీ చూడనన్నాడు.

నాకు మాత్రం అది చాలా ఇష్టం. పూల మధ్య నిలబడ్డవాళ్ల నెత్తిమీదుగా పెద్ద యుద్ధవిమానం పోతుంది. శత్రువులదా, మనదా అని కథానాయిక సోఫీ అడిగితే, ఎవరిదైతే తేడా ఏముంది అంటాడు మాంత్రికుడు హౌల్. మియాజకీ 1941లో పుట్టాడు, పసితనంలోనే బాంబుదాడి చూశాడు. ఇరాక్ మీద బాంబులు వేస్తున్న దేశానికి వెళ్లడం ఇష్టం లేక 2003లో ఆస్కార్ వేడుక మానుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే ఈ సినిమా వచ్చింది. హౌల్ మాట మా వాడి మనసులో నాటుకోవాలని నా పట్టుదల.

మేముండేది ఒడిశాలోని బరంపురంలో. వాడికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఏ కథ చెప్పినా "మనం ఎవరి వైపు?" అంటాడు. వైపులు వద్దురా అంటాను. మళ్లీ నేనే ఇచ్ఛాపురం దాటగానే "మనవాళ్ల ఊళ్లు" అంటాను.

ఆదివారం జౌగఢ తీసుకెళ్లాను. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున అశోకుడి శాసనం ఉంది కదా, గెలిచినవాడు కూడా పశ్చాత్తాపపడతాడని చూపిద్దామనుకున్నాను. వాడు అరిగిపోయిన అక్షరాల వెంట గాల్లోనే వేలు తిప్పుతూ, "యుద్ధం సంగతి ఏ లైనులో ఉంది?" అన్నాడు. లేదని చెప్పాల్సి వచ్చింది. లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని పట్టుకుపోయారు అని అశోకుడు బాధపడిన పదమూడో శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉంది, ఎక్కడో పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో ఉంది. యుద్ధం జరిగిన కళింగలో మాత్రం, ఇక్కడా భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ, దాన్ని చెక్కించలేదు. దాని బదులు మనుషులందరూ నా బిడ్డలే, ఎవరినీ కారణం లేకుండా ఖైదులో పెట్టొద్దు అని అధికారులకు ఆజ్ఞలు రాయించాడు.

"సారీ చెప్పాల్సింది ఇక్కడ కదా?" అన్నాడు వాడు.

బిడ్డలుగా చూసుకుంటానన్నాడు కదరా, అదీ గొప్పే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. నిజానికి నాకూ ఆ జవాబు ఆనలేదు.

ఆ రాత్రంతా హౌల్ మాటే బుర్రలో తిరిగింది. బాంబు కింద ఉన్నవాళ్లకు విమానం ఎవరిదైనా ఒకటే, అందులో సందేహం లేదు. కానీ దండెత్తి వచ్చినవాడూ ఇంట్లో ఉండి చచ్చిపోయినవాడూ ఒకటి కాదు. రెండు భాషల మధ్య పెరుగుతున్న పిల్లాడికి వైపులు లేకుండా చేస్తే మంచిదనుకుంటూ వచ్చాను. మరి వైపే లేకపోతే, తప్పు చేసినవాడిని నిలదీసే కోపం వాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?